రెండు మొనల సూది

మా వదినకు ముక్కు మీద కోపమని కొత్తలో అందరూ అనుకున్నారు. కాదు, ఆ కోపం నాది. వదిన నోరు లేని మనిషి. గిన్నె కింద పెట్టినా, తలుపు వేసినా చప్పుడు రానిచ్చేది కాదు. అది ఆమెకు పని నేర్పిన అలవాటు.

కాగితాన్ని లక్ష పొరలుగా చీల్చినా, ఒక్కో పొర ఆమె పరిశోధించే రేకు కంటే మందంగానే ఉంటుందట. అంత పల్చటి రేకులో అక్కడక్కడా ఒక పరమాణువు ఊడిపోయి ఉంటుంది. ఆ ఖాళీలను వెతకాలి. లోహపు తీగ చివరను రసాయనంలో కరిగించి సూది తయారుచేస్తుంది. సూది రేకును తాకకూడదు, తాకీ తాకనంత దగ్గరలో తిరగాలి. ఆ సందులో దూకే కరెంటును బట్టి పరమాణువులు తెర మీద చుక్కలుగా కనిపిస్తాయి. నేలమాళిగలోని ఆ ల్యాబు పక్కనే లిఫ్టు. అది కదిలితే బొమ్మ వణుకుతుందని, వదిన దానికి 'రిపేరులో ఉంది' అని అట్ట తగిలించి, అందరిచేతా మెట్లెక్కించేది.

మా అన్నయ్య గుద్దుకున్న కార్ల సొట్టలు తీస్తాడు. "ఇద్దరిదీ రేకుల పనే, నాది కాస్త మోత ఎక్కువ" అంటాడు. మా అమ్మ మాత్రం, మా కోడలు ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని వెతుకుతుందని చెప్పి నవ్వేది.

ఒకరోజు వదిన తీసిన బొమ్మలో ప్రతి ఖాళీ పక్కనా ఇంకో ఖాళీ కనిపించింది. ఆమె ప్రొఫెసరును ల్యాబులో పెద్దాయన అంటారు. ఆ పెద్దాయన పొంగిపోయి వాటికి జంట లోపాలని పేరు పెట్టేశాడు. ఎక్కడ మైకు దొరికితే అక్కడ వాటి గురించే ఊదరగొట్టాడు. వాటి మీద రాసిన వ్యాసం అచ్చయితే వదినకు డాక్టరేటు వచ్చినట్టే. వదిన కూడా మురిసిపోయి ఆ బొమ్మను మా ఫ్రిజ్ మీద అంటించింది.

పాలు తీయబోతూ ఒక ఉదయం అక్కడే ఆగిపోయింది. "మీ అన్నయ్యా నేనూ కూడా అప్పుడప్పుడూ చెరోవైపు తిరిగి పడుకుంటాం. ఇన్ని జంటలూ ఒకే వైపు ఎందుకు తిరిగాయి?" అని నన్నడిగింది.

వెళ్ళి రేకును కాస్త తిప్పి పెట్టి మళ్ళీ బొమ్మ తీసింది. రేకు తిరిగితే జంటలూ తిరగాలి కదా. తిరగలేదు. అంటే జంట రేకులో లేదు, సూదిలో ఉంది. దాని కొనకు రెండు మొనలు వచ్చి, ఒక్కో ఖాళీని రెండుసార్లు చూపించాయి. కొత్త సూది పెడితే ఒక్క జంటా మిగల్లేదు.

తప్పు నాదేనని పెద్దాయనకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. ఆయన తలుపు దగ్గరకు వేసి, సూది సంగతి ఎవరూ అడగరన్నాడు. "నీ డిగ్రీ ఆ జంటల మీదే ఉందమ్మా. ఆలోచించుకో" అన్నాడు. సిగ్గులేని మనిషి. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో ఇంకా మండింది. ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోస్తావా, ఊరుకోరాదా అని అమ్మ మొదలుపెట్టింది. "అయినా అది ఎవరికి కనపడుతుందే?"

"నాకు కనపడుతుంది అత్తయ్యా" అంది వదిన.

వ్యాసంలోంచి తన పేరు తీయించుకుంది. ఆమె డిగ్రీ కాగితాల మీద ఆయన సంతకం పెట్టలేదు. చదువు వేరే చోట మొదటి నుంచి మొదలైంది. వ్యాసం మాత్రం దర్జాగా అచ్చయింది, ఆయనకు శాలువా కప్పారు. నేను వెళ్ళి ఆ శాలువా లాగేద్దామనుకున్నాను. అన్నయ్య ఆపాడు.

మొన్న మేమంతా భోజనాల దగ్గర ఉండగా వదినకు ఫోనొచ్చింది. ఆ పాత ల్యాబులో ఆమె స్టూలు మీద ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి. వదిన చేయి ఖాళీ లేక స్పీకరు పెట్టింది. ఎంత చేసినా జంటలు రావడం లేదట, సూది బాగాలేదని పెద్దాయన రోజూ తిడుతున్నాడట. "ఇవాళ సూదిని కావాలనే రేకుకు గుద్దాను అక్కా. అప్పుడొచ్చాయి" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో.

"ముందరి సూదే బాగుందమ్మా. కొత్తది చేసుకో. జంటలు లేవు" అంది వదిన.

ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"నా డిగ్రీ కూడా వాటి మీదే ఉందట అక్కా."

ఫోను పెట్టేసి వదిన చేతిలోని స్టీలు గిన్నెను గోడకేసి కొట్టింది. ఆ మోతకు అమ్మ లేచి నిలబడింది. అన్నయ్య గిన్నె తెచ్చి, అలవాటు కొద్దీ సొట్ట మీద బొటనవేలు పెట్టి, రేపు షెడ్డులో తీసేస్తానన్నాడు.

"వద్దు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ" అంది వదిన.