ఏడాదికి అయిదు రోజులు అదనం

ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా "అయిదురోజులు" అనేవారు. అప్పులిచ్చే ఆ కంపెనీలో వడ్డీ లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. బాకీదారు వాడుకున్న రోజులు క్యాలెండరు ప్రకారం లెక్కపెట్టాలి, అంటే ఏడాదికి మూడువందల అరవై అయిదు. ఒక్క రోజు వడ్డీ తేల్చేటప్పుడు మాత్రం ఏడాది వడ్డీని మూడువందల అరవైతోనే భాగించాలి. అలా ఏటా అయిదు రోజుల వడ్డీ ఊరికే వచ్చి పడుతుంది. లోకంలో లేని పద్ధతేం కాదు గానీ, ఈ కంపెనీకి దాన్ని తెచ్చిపెట్టి, అగ్రిమెంటులో చీమ తలకాయంత అక్షరాలతో వేయించింది ఈ మహానుభావుడే. ఆ పుణ్యాన ప్రమోషన్ కూడా కొట్టేశాడు. డిపాజిటుదార్లకు ఇచ్చేటప్పుడు మాత్రం ఏ నెలకైనా ముప్పై రోజులే. ముప్పై ఒకటో తారీకున వాళ్ల డబ్బు నిద్రపోతుంది కాబోలు!

లాండ్రీ నడుపుకునే సొంత అక్కను కూడా వదల్లేదు. కొత్త మెషిన్లకు పది లక్షలు దగ్గరుండి ఇప్పించాడు. "పన్నెండు శాతమే అక్కా. ఆ పైన చిల్లర కూడా పడదు, పూచీ నాది" అన్నాడు.

ఏడాది నిండిన రోజున ఆవిడ తాకట్టులో ఉన్న దుకాణం కాగితాలు విడిపించుకుందామని, పదకొండు లక్షల ఇరవై వేలు సంచిలో పెట్టుకుని వచ్చింది.

"ఇంకా పదహారు వందల అరవై ఏడు కట్టాలి" అన్నాడు తలెత్తకుండా.

"అదేంట్రా? పన్నెండే అన్నావుగా?"

"శాతం పన్నెండే. మా దగ్గర ఏడాదంటే మూడొందల అరవై రోజులు. నువ్వు ఇంకో అయిదు రోజులు వాడుకున్నావు."

"ఆ ముక్క అప్పు ఇప్పించేటప్పుడు చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"అగ్రిమెంటులో ఉంది. చదువుకోవాల్సింది."

చదువుకోవాల్సిందట! తల్లి పోయాక ఇతగాడి కాలేజీ ఫీజుల కోసం తన చదువు మానేసి, పరాయివాళ్ల బట్టలుతికిన మనిషితో అన్న మాట అది. ఆవిడ ముఖం కందగడ్డలా అయింది.

జేబులోంచి తీసి ఇచ్చేస్తే పోయేది. ఆ ఆలోచన రాకపోలేదు ఆయనకు. ఇస్తే తన లెక్క తప్పని తానే ఒప్పుకున్నట్టవుతుందని బిగుసుకు కూర్చున్నాడు. "రేపైతే ఇంకో రోజు వడ్డీ పడుతుంది" అన్నాడు పైగా.

ఆవిడ పక్క దుకాణం ఆవిడకి ఫోన్ చేసి, చేబదులు తెప్పించి బల్ల మీద కొట్టింది. కాగితాలు చేతికొచ్చాయి. అప్పుడే తన గదిలోంచి వచ్చిన మేనేజరు నవ్వుతూ, "తమ్ముడిగారి ఆఫీసుకొచ్చి టీ అయినా తాగకుండా వెళ్తారామ్మా?" అన్నాడు.

"తమ్ముడా? నాకు తమ్ముడెవరూ లేరండీ." తమ్ముడి కళ్లలోకి సూటిగా చూస్తూనే అంది.

ఆవిడ గుమ్మం దాటేదాకా పిలుద్దామనే చూశాడు. నోట్లోంచి మాత్రం, "తర్వాతివాళ్లు రండి" అనే వచ్చింది.