చుక్క కారని కారు

2023 ఎండాకాలం. పంజాగుట్టలో నా మెకానిక్ షెడ్డు అద్దె భరించలేక ఖాళీ చేసేసి, స్కూటర్ మీద టూల్ బాక్స్ కట్టుకుని ఇళ్లకే వెళ్లి కార్లు బాగుచేస్తున్న రోజులు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే, ప్రతిదాని కిందా ఒక సెల్లార్. నా పనంతా ఆ సెల్లార్లలోనే. గాలి ఆడదు, వెలుతురు ఉండదు, కారు కింద పడుకుని బోల్టు విప్పుతుంటే వెనక ఎవరో ఒకరు హారన్ కొడతారు. ఈ మల్లేశ్‌కు కోపం ఎక్కువ అని కస్టమర్లందరికీ తెలుసు. నా తిట్లు తింటూనే మళ్లీ పిలుస్తారు.

ఒక శనివారం మధ్యాహ్నం మెర్సీ ఫోన్ చేసింది. ఆమె ఫిజియోథెరపిస్టు. రోజంతా పేషెంట్ల ఇళ్లకు తిరగడానికి ఒక పాత పెట్రోల్ కారు ఉంది. ఆదివారం వస్తే అదే కారులో చుట్టుపక్కల ఇళ్ల పిల్లల్ని ఎక్కించుకుని పంజాగుట్టలో చర్చికి తీసుకెళ్తుంది.

"అన్నా, సిగ్నల్ కాడ బండి ఆగంగనే మాడు వాసన వస్తుంది. రేపు సండే స్కూల్ పిల్లలను తీస్కపోవాలె. జర ఇయ్యాల్నే వచ్చి చూడవా?"

"ఆయిల్ కారుతుండె గదమ్మా, అదేమైంది?"

"అది ఎప్పుడో ఆగిపోయిందన్నా. మా ఆయన ఇంట్లనే బాగుచేసిండు. ఇప్పుడు చుక్క గూడ కారుతలేదు."

నాకు ఆశ్చర్యం వేసింది. ఆ లీకేజీ నేను చూసిందే. ఇంజిన్ నెత్తిమీద మూతలా ఉండేదాన్ని ట్యాపెట్ కవర్ అంటాం. ఆ మూతకూ ఇంజిన్‌కూ మధ్య ఆయిల్ బయటికి రాకుండా ఒక రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి పగుళ్లిస్తుంది. అప్పుడు ఆయిల్ పైనుంచి ఇంజిన్ వెనక్కి జారి, మెల్లగా దిగి, ఎక్కడో కింద చుక్కగా పడుతుంది. చుక్క పడినచోటే లీకేజీ ఉందనుకోవడం ఇంట్లో బాగుచేసుకునేవాళ్లందరూ చేసే పొరపాటు. మెర్సీ భర్త సుధాకర్ ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో పనిచేస్తాడు. మంచివాడే, కానీ స్పానర్ పట్టిన చెయ్యి కాదు. అలాంటివాడు ప్యాకింగ్ మార్చాడంటే మెచ్చుకోవాల్సిందే అనుకుంటూ వెళ్లాను.

సెల్లార్లో కొత్తగా తెల్ల టైల్స్ వేయించారు. మిగతా కార్ల కింద దుమ్మూ టైర్ల మరకలూ ఉన్నాయి. మెర్సీ కారు కింద నేల మాత్రం అప్పుడే తుడిచినట్టు మెరుస్తోంది.

"చూసినవా అన్నా?" అంది మెర్సీ. ఆమె మొహంలో సంతోషం దాగడం లేదు. "చర్చిల సాక్ష్యం గూడ చెప్పిన. స్పానర్ పట్టరాని మనిషికి దేవుడే తెలివి ఇచ్చిండని."

సాక్ష్యం అంటే తమ జీవితంలో జరిగిన మేలును సంఘం అందరి ముందూ నిలబడి చెప్పడం. సుధాకర్ పక్కనే ఉన్నాడు కానీ నావైపు చూడటం లేదు. తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"ప్యాకింగ్ ఏడ కొన్నవ్ సుధాకర్?"

"గీడనే అన్నా... వీడియోలు చూసి చేసిన."

బానెట్ ఎత్తాను. ట్యాపెట్ కవర్ బోల్టుల చుట్టూ ఏళ్లనాటి మడ్డి గడ్డకట్టి ఉంది. స్పానర్ తగిలి ఉంటే ఆ మడ్డి కొంచెమైనా రాలాలి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. కవర్ అంచు తడిగానే ఉంది. లీకేజీ ఉన్నచోటే ఉంది, పైగా ఇదివరకటికంటే ఎక్కువే ఉంది. అప్పటికే నా మనసు కీడు శంకించింది.

డిప్ స్టిక్ లాగాను. ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూపించే సన్నని కడ్డీ అది. తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. కొసకు అంటీ అంటనట్టు నల్లటి తడి. ఆయిల్ లేకుండా తిరిగితే ఇంజిన్ పట్టేస్తుంది, అంటే బిగుసుకుని ఆగిపోతుంది. నడిరోడ్డు మీద, వెనక బస్సు వస్తుండగా కూడా పట్టేయొచ్చు.

"సైలెన్సర్‌ల పొగ వస్తుందా అమ్మా?"

"లేదన్నా."

పొగ రావడం లేదంటే లోపల కాలిపోవడం లేదు. నేల మీద చుక్క పడటం లేదు. మరి అంత ఆయిల్ ఏమైంది? నాకు మతి పోయింది. జాకీతో ముందుభాగం ఎత్తి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరబోయాను. ఇంజిన్ అడుగున రాళ్లు తగలకుండా ప్లాస్టిక్ పళ్లెంలాంటిది ఉంటుంది, అండర్ గార్డ్ అంటాం. అది పొట్టలా కిందికి జారి ఉంది.

సుధాకర్ గబుక్కున నా భుజం పట్టుకున్నాడు. "అన్నా, అది ఇప్పకు. బోల్టులు జామ్ అయినయ్."

"జామ్ అయిన బోల్టులు ఇప్పడమే నా పని. చెయ్యి తియ్యి."

బోల్టులు జామ్ కాలేదు. వేళ్లతోనే వదులయ్యాయి. గార్డ్ ఒక పక్కకు వాలగానే నల్లటి గుడ్డ కొస వేలాడింది. మెకానిక్ ఎవడో చేతులు తుడుచుకుని మర్చిపోయాడేమో అనుకుని లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. ఇంకా వచ్చింది. ఆయిల్ పీల్చుకుని బరువెక్కిన గుడ్డ, మడతలు మడతలుగా నా ఛాతీ మీద పడుతూనే ఉంది. ఒకచోట మడ్డి అంటని ఎర్రటి అంచు కనిపించింది. అది చీర. ఆరు గజాల నూలు చీర.

చివరికొచ్చేసరికి ఎక్కడో పట్టుకుంది. గట్టిగా లాగితే పటుక్కున తెగి, నా మొహం మీద మసి రాలింది. టార్చ్ వేసి చూశాను. తెగిన కొస ఎగ్జాస్ట్ పైపుకు అతుక్కుని, కాలి, నల్లటి పెంకులా ఉంది. ఇంజిన్ నుంచి మండిన పొగంతా బయటికి పోయేది ఆ పైపులోనుంచే. బండి నడుస్తున్నప్పుడు దాని మీద నీళ్లు పడితే చుయ్యిమంటాయి. దానికి ఆనించి, ఆయిల్‌లో నానిన చీర. ఇంట్లో దీపం వత్తి ఎలా చేస్తామో అచ్చం అలాగే ఉంది. ఆ వత్తి మీద ఈమె పిల్లల్ని కూర్చోబెట్టి పంజాగుట్ట తీసుకెళ్తోంది.

కార్లు తగలబడటం రోడ్డు మీద చూశాను. కానీ మంట అంటుకోవడానికి ముందు క్షణం ఇలా చేతికి దొరకడం అదే మొదటిసారి.

బయటికొచ్చి చీరను నేల మీద పడేశాను. మెర్సీ వంగి ఆ ఎర్ర అంచు చూసింది.

"ఇది నా చీర. స్టీలు సామాన్లామెకు ఏసిన అన్నవు గదా?"

సుధాకర్ ఆ చీరను కాలితో కారు కిందికి తోయబోయాడు. ఇక నేను మొదలుపెట్టాను, ఇక్కడ రాయలేని మాటలే అన్నీ. అరుపులకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ మెట్లు దిగి వచ్చాడు.

"ఏంటండీ ఇది? కొత్త టైల్స్ మీద ఆ మురికేంటి? నేను గ్రూపులో ఎన్నిసార్లు పెట్టాను?"

అప్పుడు తెలిసింది సంగతి. రోజూ పొద్దున్నే ఆయన ఆయిల్ చుక్కల ఫోటో తీసి, వీళ్ల ఫ్లాట్ నంబర్ రాసి, బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడట. కాలిన కొస ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "సార్, మీ టైల్స్ మీద మరక పడొద్దని ఈళ్లు కారుకు చీర కట్టిండ్రు. జర అయితే బిల్డింగంత అంటుకునేది."

ఆయన వాసన చూశాడు. వంగి పైపును చూశాడు. "మా కారు పక్కనే ఉంటుంది కదండీ," అని గొణిగి, తాళాలు తెచ్చుకుని ముందు తన కారు బయటికి తీసుకెళ్లాడు.

సుధాకర్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "అడుగున బోల్టు టైట్ చేసిన అన్నా, ఆగలే. అట్ట పెట్టిన, ఆగలే. ఒక్క వారం కోసమని చీర పెట్టిన, తర్వాత నిన్ను పిలుద్దామని. తెల్లారి నేల మీద చుక్క లేకపోయేసరికి బాగైందా అని ఈమె అడిగింది, అవునన్న. చర్చిల సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. మా మామ గూడ లేచి నాకు చెయ్యిచ్చిండు, పెండ్లి అయినంక మొదటిసారి. గట్లయినంక ఎట్ల చెప్పాలన్నా?"

నా కోపం సగానికి సగం దిగిపోయింది. మెర్సీది దిగలేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు.

"కారుతుందని చెప్పినా నేనేమనేదాన్ని గాదు సుధా. ఒక నెల ఆటోల తిరిగేదాన్ని. ఆగిందని చెప్పినవు గాబట్టే పిల్లలను ఎక్కించిన," అంది.

పంజాగుట్ట వెళ్లి ప్యాకింగ్, ఆయిల్, ఫిల్టర్ తెచ్చాను. కవర్ తీస్తే పాత ప్యాకింగ్ అప్పడంలా విరిగింది. అంచులు శుభ్రంగా గీకి తుడిచి కొత్తది వేశాను. ఇక్కడ తొందరపడకూడదు. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే పక్క బిగిస్తే ప్యాకింగ్ నలిగి మళ్లీ కారుతుంది. పైపుకు అంటిన మసి గీకేసి, ఇంజిన్ వెనకంతా కడిగి, పాత ఆయిల్ దింపి కొత్తది పోశాను. స్టార్ట్ చేశాను. మొదట టకటకమంది. ఇంజిన్ పోయిందేమో అనుకున్నాను. కాసేపటికి ఆయిల్ పైకెక్కి చప్పుడు సద్దుమణిగింది. ఆ ఇంజిన్ ఎలా బతికిందో నాకిప్పటికీ తెలియదు.

అండర్ గార్డ్ వేయకుండా కింద పేపర్ పరిచి ఇంజిన్‌ను ఆన్‌లోనే వదిలేశాను. మెర్సీ టార్చ్ పట్టుకుని నేల మీద కూర్చుంది. ఇంజిన్ వేడెక్కి దాని ఫ్యాన్ తిరిగి ఆగింది, మళ్లీ తిరిగింది. పేపర్ పొడిగానే ఉంది.

"రేపు బేఫికర్‌గ తీస్కపోవచ్చమ్మా," అన్నాను.

"పిల్లలు రేపు ఆటోల పోతరన్నా."

"బండికి ఇంకేం కాదు, నాది గ్యారంటీ."

"బండి మీద నాకు నమ్మకమే," అని ఆమె పైకి వెళ్లిపోయింది. సుధాకర్ ఆ పేపర్ మడిచి జేబులో పెట్టుకోవడం చూసి నాకే ఏదోలా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం సుధాకర్ ఫోన్ చేశాడు. చర్చికి ఖాళీ కారు తనే నడుపుకుని వెళ్లాడట. సాక్ష్యాల సమయంలో లేచి, చీర సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడట.

"ఏమన్నరు?" అన్నాను.

"ఒక్కరు చప్పట్లు కొట్టలే అన్నా. మా మామ తల దించుకున్నడు. కానీ ఇంటికొచ్చేటప్పుడు మెర్సీ పిల్లలను కార్ల ఎక్కించింది. తను ముందల కూసుంది. నన్నే నడపమన్నది."

ఆ తర్వాత ఎవరైనా "లీకేజీ దానంతట అదే ఆగిపోయింది" అంటే నేను సంతోషపడటం మానేశాను. కారుతున్న బండి కనీసం నిజం చెప్తుంది. ఆగిన బండినే అనుమానిస్తాను. ముందు డిప్ స్టిక్ లాగుతాను, తర్వాత అండర్ గార్డ్ విప్పుతాను. పని అయ్యాక పేపర్ పరిచి, బండి నడిపేవాళ్లను పిలిచి వాళ్ల కళ్లతో వాళ్లనే చూడమంటాను. చుక్క పడితే పడిందనే చెప్తాను, తిట్టుకున్నా సరే. రేపు ఆ బండిలో ఎక్కేది నేను కాదు.