ఎల్కానా గారికి నచ్చని వైను

ఎల్కానా గారికి నచ్చిన వైను లోకంలో లేదు. రుచి చూసి చెప్పిన మాట కాదిది. యూదుల విశ్రాంతిదినమైన సబ్బాతు దీవెనకు పనికొస్తుందా రాదా అని ధర్మశాస్త్రం తిరగేసి ఇచ్చిన తీర్పు.

జెరూసలేంలో, నహ్లావోత్ పేట సందులోని చిన్న ప్రార్థనామందిరంలో, సబ్బాతు మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఒంటరి మగవాళ్ళు పన్నెండు మంది కలిసి భోంచేసేవారు. దీవెన చదివాక ఒకే గిన్నె అందరి చేతులూ తిరిగేది. సీసా తేవడం మందిరం చూసుకునే పెరెస్ పని. కాదనడం ఎల్కానా గారి పని.

"ఎరుపు దొరుకుతుండగా తెలుపేమిటయ్యా?"

మరువారం ఎర్రది వచ్చేది.

"కాచిన వైను. మరిగాక దానికి పరువేం మిగిలింది?"

"ఇది కాచలేదండీ."

"అయితే చక్కెర కలిపుంటారు."

"లేదని సీసా మీదే రాశారండీ."

"రాత్రంతా మూత లేకుండా ఉండుంటుంది."

"మీ ముందేగా సీలు తీశాను!"

"సీసా సంగతి కాదు నాయనా, పీపా సంగతి."

చివరికి ద్రాక్షరసం వచ్చేది. శాస్త్రం ఒప్పుకుంది గనక ఆయనా ఒప్పుకునేవారు. పదకొండేళ్ళు ఆ పెద్దమనుషులు పసిపిల్లల్లా ద్రాక్షరసం చప్పరిస్తూ ఆయన్ని మనసారా తిట్టుకున్నారు.

ఒక మంగళవారం ఎల్కానా గారు పోయారు. మట్టి వేసి వస్తూ పెరెస్ ఏడ్చాడు. ఏడుపు మధ్యలో మంచి ఎర్రవైను గుర్తొచ్చింది. అందుకు సిగ్గుపడి మరికాస్త ఏడ్చాడు.

శుక్రవారం అతను సీసా బల్ల మీద పెట్టగానే, ఆ పన్నెండు మందిలో ఒకడు, రొట్టెలు సర్దుతున్న అవిషాయి కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికిరా?"

"ఇంటికి, బాబాయ్. ఇక రాను."

"ఇంట్లో ఎవరున్నార్రా?"

"గోడలు." అవిషాయి సీసా వైపు చూడలేదు. "తాగుడు మానేసి పదకొండేళ్ళయింది. ఒక్క గుక్క పడితే ఆగలేను. నాకొక్కడికీ వేరే గ్లాసు పెడితే అందరికీ తెలిసిపోతుంది. మొదటివారం గిన్నె అందుకోబోతే చెయ్యి వణికింది. పక్కనున్న ఎల్కానా గారు అది చూశారు. గిన్నె లాక్కుని, వాసన చూసి, చెడిపోయిందన్నారు."

అంతకుముందు ఆయన ఏ వైనుకూ వంక పెట్టిన జ్ఞాపకం పెరెస్‌కు లేదు.

ఇంతలో పెద్దలు వచ్చి కూర్చున్నారు, సీసా చూసి పెదాలు తడుపుకున్నారు. పెరెస్ సీసా ఎత్తాడు. వంక పెడదామంటే శాస్త్రం రాదు. వేళ్ళు వదులు చేశాడు.

రాతినేల ఎర్రబడింది. సమాధి దగ్గర కూడా ఆ ముఖాల్లో అంత దుఃఖం కనబడలేదు.

"చేతులా, చిల్లుగరిటెలా అవి?" అన్నాడు అందరికంటే పెద్దవాడైన యెహీయేలు. "వచ్చేవారం నేనే తెస్తా."

అలమరలో మిగిలిన ద్రాక్షరసంతోనే దీవెన అయింది. అవిషాయి కోటు విప్పి కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే, అరవయ్యేళ్ళ పెరెస్ ధర్మశాస్త్రం ముందేసుకుని, వైనుకు ఎన్ని దోషాలుంటాయో వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.