పొలిమేర అవతల పరిచిన చాపలు

భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. అసలు దాన్ని మా ఊరు అనే హక్కు నాకుందా అని ఒక సాయంత్రం పెద్ద తగాదానే అయింది.

ఊళ్లో పుట్టినవాళ్లు చాలామంది ఖమ్మం పోయి అక్కడ ఖానాపురం హవేలి అనే పేటలో కిరాయికి ఉంటున్నారు. వాళ్ల ఇళ్లలో మేం కిరాయికి ఉంటున్నాం. బొగ్గు గనిలో రిటైరై వచ్చినాయన, మోటార్లు బాగుచేసే ముస్లిం కుటుంబం, పత్తి ఏరడానికొచ్చి ఉండిపోయిన కోయ జంటలు, జాకెట్లు కుట్టే నేను. ఊళ్లో ఆడవాళ్లలో ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు చిక్కారో నాకు తెలిసినంత వాళ్ల మొగుళ్లకు తెలియదు. అయినా బొడ్రాయి పండగ వచ్చేసరికి పరాయిదాన్నైపోయాను.

బొడ్రాయి ఊరి నడుమ పాతిన రాయి, ఊరికి బొడ్డు. ఆ పండగకి ఊరి చుట్టూ పొలి, అంటే పసుపు కలిపిన అన్నం, చల్లి పొలిమేర కట్టేస్తారు. అప్పుడు పరాయివాళ్లు లోపల ఉండకూడదు.

మా ఇంటి ఓనరు ఖమ్మంలో ఉన్నా, వాళ్ల తాత ఇక్కడే ఊరి పెద్ద. "పొద్దుగూకకముందే కిరాయోళ్లంతా వాగు దాటాలె. పొలి చల్లినంక రాండ్రి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన వేసుకున్న పండగ చొక్కాకి గుండీలు కుట్టింది నేనే. వదులుగా కుట్టాల్సింది అనుకున్నాను. కోపం వెనకే ఏడుపొచ్చింది. పుట్టింటికి పోతే అక్కడా చుట్టాన్నే. ఇక నాది ఏ ఊరు?

చాపలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని వాగు అవతల కూర్చున్నాం. తిరిగి చూస్తే ఊరు బోసిగా ఉంది. డోలు వాయించే కోయవాళ్లు మాతోనే ఉన్నారు, మైకుసెట్టు మనిషీ మాతోనే.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, తాత భార్య వాగు దాటి వచ్చింది. చంకలో రెండు చాపలు.

"రెండెందుకవ్వా?" అన్నాను.

"ఎనక వస్తుండు సూడు."

తాత నిజంగానే రొప్పుతూ వచ్చాడు. "నువ్వెటు పోతున్నవ్? నువ్వు ఈ ఊళ్లెనే పుట్టినవ్ గద."

"అవ్, నేను పుట్టిన. నువ్వేడ పుట్టినవ్? మా నాయిన ఇంటికి ఇల్లరికం వస్తివి. పరాయోళ్లంతా పోతే నేనొక్కదాన్ని ఏంజెయ్యాలె ఆడ? రా, కూసో, ఈ చాప నీదే."

అందరం పగలబడి నవ్వాం. తాత కూర్చోలేదు. చొక్కా గుండీ తిప్పుకుంటూ కాసేపు మావైపు, కాసేపు ఊరివైపు చూశాడు. తర్వాత ఊరి వైపు ఒడ్డున పొలి గంపతో నిలబడ్డవాళ్లను కేకేశాడు.

"వాగు దాటి రాండ్రి. ఈళ్ల ఎనక నుంచి చల్లాలె."

"పొలిమేర ఈడిదాంకనే గద తాతా?"

"ఇప్పుడు ఈడిదాంక."

వాళ్లు గంప నెత్తిన పెట్టుకుని మోకాల్లోతు నీళ్లలో దిగారు. మా చాపల వెనక నుంచి చల్లుకుంటూ పోయారు. నాలుగు మెతుకులు నా వీపు మీద పడ్డాయి. అవ్వ దులపబోతే వద్దన్నాను.