నడుముకు మూడు తన్నులు

నా నడుము నొప్పికి ఒక పాడు గుణం ఉండేది. పడుకుంటే పెరిగేది, కూర్చుంటే కాలిదాకా దిగేది, నడిస్తే మాత్రం కొంచెం నెమ్మదించేది. రోగమన్నాక మనిషిని మంచాన పడేయాలి. నాది మంచం మీద క్షణం ఉండనిచ్చేది కాదు.

డెబ్బైల చివరి సంగతి ఇది. కాజీపేటలో రైల్వే కేబిన్‌లో పనిచేసేవాణ్ణి. పట్టాల పక్కన మేడ మీది గదిలో నిలబడి ఇనుప లీవరు లాగితే, ఎక్కడో దూరాన సిగ్నల్ పడేది, బండి కదిలేది. పదకొండేళ్లు లాగాను. ఒకనాడు సగం లాగిన లీవరు వదిలేసి నడుము పట్టుకుని అక్కడే కూలబడ్డాను. రైల్వే దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. అందులో ఏమీ కనబడలేదు. సిక్ అని సెలవు రాసి, కదలకుండా పడుకోమన్నాడు.

పడుకోవడమే నాకు చేతకాలేదు. మా రెండు గదుల క్వార్టర్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకు తొమ్మిది అడుగులు. పొద్దంతా అదే నా ప్రయాణం. అన్నం పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడే తినేవాణ్ణి. నా భార్య మొదటి వారం జాలిపడింది, రెండో వారం నువ్వుల నూనె రాసింది, నెల తిరిగేసరికి ఆమె ఓపికా అయిపోయింది.

"జర ఒక్కతాన ఉండుండ్రి. మిమ్ముల జూస్తాంటే నా కండ్లు తిరుగుతానయ్" అంది.

"ఉంటే నొస్తాంది."

"కూసుంటె నొస్తది, పంటె నొస్తది. మరి ఎట్లుంటె నొయ్యది?" అని గిన్నె ఠపీమని కింద పెట్టింది.

ఆమెను అని లాభం లేదు. నన్ను నేనే భరించలేకపోతున్నాను. చెప్పులేసుకుని బయటపడ్డాను. ఆనాటి నుంచి రోజూ తిరిగేవాణ్ణి. స్టేషన్ బయట టీ కొట్టు దాకా, అక్కడి నుంచి మార్కెట్ దాకా, మళ్లీ వెనక్కి. ఆగితే నొప్పి, అందుకని ఎవరైనా పలకరించినా ఆగేవాణ్ణి కాదు. సిక్‌లో ఉన్న మనిషి పట్టపగలు చేతులూపుకుంటూ బజార్లో నడుస్తుంటే కాలనీ ఊరుకుంటుందా? ఊరుకోలేదు, దొంగ నొప్పి అంది.

ఎవరేమనుకున్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు, ఒక్కడు తప్ప. కేబిన్‌లో నా తోటివాడు, నాకన్నా పదేళ్లు చిన్న, అన్నా అని నోరారా పిలిచేవాడు. పైవాళ్లు నా బదులు ఇంకో మనిషిని పంపక అతడి ఎనిమిది గంటల డ్యూటీ పన్నెండు గంటలయింది. మొదట్లో రోజూ వచ్చి చూసిపోయేవాడు. ఒకనాడు వాకిట్లోనే నిలబడి, "పగటీలి మార్కెట్ల తిరుగుతానవట గదా అన్నా" అన్నాడు. నడిస్తేనే హాయిగా ఉంటుందని చెప్పాను. "ఔనా" అని వెళ్లిపోయాడు. తర్వాత రావడం మానేశాడు. నాకు నొప్పికన్నా ఆ "ఔనా" ఎక్కువ బాధపెట్టింది.

అతడు ఎదురుకాళ్లతో పుట్టినవాడు. అంటే తల్లి కడుపులోంచి ముందుగా కాళ్లు బయటికొచ్చాయి. అలాంటివాళ్లు పరగడుపున కాలితో తంతే నడుం పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. కాలనీలో సగం నడుములు అతడి కాలు తిన్నవే. గార్డులు కూడా వచ్చి, సిగ్గుపడుతూ వీపు తిప్పి నిలబడేవాళ్లు. నా భార్య వెళ్లి బతిమాలింది. కాదనలేక వచ్చాడు.

మూడు రోజులు వరసగా పొద్దున్నే తన్నాలి. పెద్దవాణ్ణి కాలితో తన్నడం పాపమని మొదటిరోజు ముందుగా నాకు దండం పెట్టి, పాదం ఊరికే అలా ఆనించాడు. రెండోరోజు కొంచెం గట్టిగా. మూడోరోజు దండం మరిచిపోయాడు. ఆ తన్నులో పన్నెండు గంటల డ్యూటీ ఉంది. గోడ పట్టుకోకపోతే ముందుకు పడేవాణ్ణి.

"తగ్గిందా అన్నా?"

వాకిట్లో ఇరుగుపొరుగు నాలుగిళ్లవాళ్లు నిలబడి చూస్తున్నారు. నొప్పి ఎక్కడిదక్కడే ఉంది, పైగా కాలి మడమ దాకా జివ్వుమంటోంది. తగ్గలేదంటే ఒకటే అర్థం. ఆ కాలు తప్పేది కాదు, కాబట్టి నేను దొంగని. అతడి ముఖంలోకి చూశాను. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తగ్గింది" అన్నాను.

నొప్పి ఉందని రెండు నెలలు చెబితే నమ్మనివాళ్లు, పోయిందంటే నిమిషంలో నమ్మారు. అతడు నా చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో అబద్ధమైనా చెప్పేవాణ్ణి. అదేరోజు డాక్టరు దగ్గర పనికి ఫిట్ అని రాయించుకుని, మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు కేబిన్ మెట్లెక్కాను.

అతడు డ్యూటీ నాకు అప్పజెప్పి కూడా ఇంటికి పోలేదు, నన్ను చూస్తూ సంతోషంగా నిలబడ్డాడు. నెక్కొండ వైపు నుంచి గూడ్స్ వస్తోందని గంట మోగింది. స్టేషనుకు అందరికన్నా దూరాన ఉండే ఔటర్ సిగ్నల్‌ది, దాని లీవరు అన్నిటికన్నా బరువు. పట్టుకుని వెనక్కి వాలాను. సగం వచ్చింది. అంతే, నడుములో ఏదో బిగుసుకుపోయి, లాగలేక, వదల్లేక దానికే వేలాడాను. నా నోట్లోంచి వచ్చిన అరుపు నాదేనని కాసేపు తెలియలేదు. అతడు పరుగెత్తుకొచ్చి నా చేతుల మీద చేతులు వేసి లీవరు లాగాడు. గూడ్స్ దాటిపోయాక లీవరు వెనక్కి వేసి నావైపు తిరిగాడు.

"తగ్గిందని ఎందుకన్నవ్ అన్నా?"

"తగ్గలేదంటె నువ్వు నమ్ముతవా?"

అతడు నన్ను పక్కకు జరిపి లీవర్ల ముందు నిలబడ్డాడు. ఆరోజు తన డ్యూటీ మీద నా డ్యూటీ కూడా చేశాడు. మర్నాడు పొద్దున నన్ను సైకిలు మీద కూర్చోబెట్టలేక, చెయ్యి పట్టుకుని రైల్వే దవాఖానకు నడిపించుకుపోయాడు. మళ్లీ వచ్చానేమని డాక్టరు కసిరేలోపే అతడు ముందుకు జరిగాడు.

"అన్న నొప్పి నిజమే సార్. నా కాల్లనే ఏం లేదు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. రెండు నెలల్లో ఒక్కసారీ ఏడవనివాణ్ణి, నేను అక్కడ అందరిముందూ ఏడ్చేశాను.