మౌనవేళ అరిచిన అమ్మమ్మ

మా అమ్మమ్మను రేవులో అందరూ అతుకులమ్మ అనేవారు. మా లోకం నక్షత్రాల కూటమిలో చేరిన తొలినాళ్ల నుంచి, ఆకాశం నుంచి దిగిన ప్రతి ఓడకూ పగుళ్లు వెతికి అతకడం ఆమె పని. నాలుగు చేతులూ పనిలో ఉంటే నోరు ఊరుకునేది కాదు. ఆమె వేళాకోళానికి దొరకని కెప్టెన్ లేడు.

అంత మాటకారీ మధ్యాహ్నం మౌనవేళకు గప్‌చుప్. రేవులో అందరూ పని ఆపి, నాలుగు అరచేతులూ నేలకు ఆనించి, లోకాన్ని చేసినవాడు నేలలోంచి చెప్పేది వింటారు. అప్పుడు నోరు విప్పడం మా వాళ్లలో మహాపరాధం. ముప్ఫై ఏళ్లలో ఆమె ఒక్కసారీ విప్పలేదు.

కూటమి నుంచి కొత్తగా వచ్చిన రేవు అధికారికి ఇది మింగుడుపడలేదు. ఆయనది రెండు చేతుల జాతి.

"రోజూ ఇదేం గోలమ్మా? అవతల ఓడలు వరసకట్టి ఉన్నాయి" అని అమ్మమ్మ మీద విసుక్కున్నాడు.

"కాసేపు ఆగితే కొంపలేం మునిగిపోవు బాబూ" అంది అమ్మమ్మ.

ఆయన ఆగలేదు. ఆ మధ్యాహ్నం మా వాళ్లు మౌనంలో ఉండగానే, తన మనుషులతో ఒక ప్రయాణికుల ఓడకు ఇంధనం ఎక్కించడం మొదలుపెట్టాడు. లోపల రెండు వందల మంది ఉన్నారు.

నేలకు ఆనిన అమ్మమ్మ చేతులకు పంపు అదురు తెలిసింది. అదురు సరిగా లేదు. రెండుసార్లు కొట్టుకుని ఒకసారి తప్పుతోంది. ఇంధనపు గొట్టం అతుకు వదులైతేనే అలా ఉంటుందని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం పళ్లు బిగబట్టింది. ఆ తరువాత గొంతు చించుకుని అరిచింది.

"పంపు కట్టెయ్యండి! జనాన్ని దింపండి!"

వంగిన తలలన్నీ లేచాయి. అధికారి పరుగున వెళ్లి పంపు కట్టేశాడు. చివరి ప్రయాణికురాలు మెట్లు దిగి దూరంగా నడిచాక అతుకు ఊడింది. గొట్టంలో మిగిలిన ఇంధనం ఖాళీ నేల మీద చిమ్మింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

మర్నాడు అమ్మమ్మ ఎవరూ పిలవకుండానే ప్రార్థనాలయం పెద్దాయన ముందు కూర్చుంది.

"మౌనం చెడగొట్టానయ్యా. శిక్ష వెయ్యండి."

"చేతులకు తెలిసింది నోటితో చెప్పావు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రావట్లేదు తల్లీ."

"నియమం నియమమే కదయ్యా! నన్ను వదిలేస్తే రేపు ప్రతివాడూ అరుస్తాడు."

పెద్దాయన నలభై రోజులు ప్రార్థనాలయం ముంగిలి ఊడవమన్నాడు. మూడో రోజున రేవు అధికారి కూడా ఒక చీపురు పట్టుకుని వచ్చాడు.

"నీకెందుకు బాబూ ఈ శ్రమ?"

"తప్పు నాదైతే శిక్ష మీకా అమ్మా?" అన్నాడు. ఊడ్చాక, మౌనవేళ మొదలయ్యే ముందు ఆమె పక్కన మోకరిల్లి, "నాకు రెండే చేతులు. సరిపోతాయా?" అని అడిగాడు.

"ఒక్కటైనా చాలు. ముందు ఆ చేతి గడియారం తీసి పక్కన పెట్టు."

ఆ నెలలోనే, మౌనవేళ పంపులు తిప్పకూడదని ఆయన రాసిన ఉత్తర్వుకు కూటమి ఒప్పుకుంది.

నలభయ్యో రోజున రేవంతా ప్రార్థనాలయం ముంగిట నిలబడింది. పెద్దాయన మెట్లు దిగి వచ్చి ఆమె చేతిలోని చీపురు తీసుకున్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చి, అందరూ చూస్తుండగా ఆమె నాలుగు చేతులూ స్వయంగా కడిగాడు. ఆ గౌరవం అంతవరకూ రేవు పనివాళ్లలో ఎవరికీ దక్కలేదు. నేను అమ్మ భుజం మీద కూర్చుని, "మా అమ్మమ్మ! మా అమ్మమ్మ!" అని కనబడినవాళ్లందరికీ చెప్పాను.