సత్తెమ్మ పేరులో ఊడిపోయిన బిట్టు

యానాంలో ఇరవై ఆరు ఇళ్లవాళ్లవి దొంగ పేర్లని, మా ఊరిని పాలించే పాండిచ్చేరి సర్కారు ఆఫీసు తేల్చేసింది. గాలివానకు ఇంటికప్పులు పోయినవాళ్లకు సాయం అందాల్సిన జాబితా అది. తెలుగులో టైపు చేసి, టెలిఫోను లైను మీద ఇక్కడి కంప్యూటరు నుంచి అక్కడి కంప్యూటరుకు పంపింది నేనే. ‘దొంగ పేర్లు, తిరస్కరించడమైనది’ అని తిప్పి పంపారు. మా పక్కింటి సత్తెమ్మ పిన్ని, "దొంగనంట్రా నేను?" అని మాత్రం అడిగింది. మర్నాడే బయల్దేరాను.

కాకినాడ దాకా బస్సు, సామర్లకోటలో మద్రాసు రైలు, అక్కణ్నుంచి పాండిచ్చేరికి నాలుగు గంటల బస్సు. పదిహేను రూపాయల టికెట్టుకు నిలబడే వెళ్లాను. పదిన్నరకు దిగి, ఇడ్లీ తిని, ఆఫీసుకు నడిచాను. సముద్రం ఎలా ఉందని నన్నడక్కండి, చూడలేదు.

అక్కడి కంప్యూటరు ఆపరేటరు ఎం. గోవిందరాజుది పాండిచ్చేరిలోనే కోసపాళయం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అచ్చయిన జాబితా చూపించాడు. సత్తెమ్మలో ‘స’ డబ్ల్యూ అయింది, ‘త’ బి అయింది. అన్ని పేర్లూ అంతే. చూడగానే తెలిసింది: ఫైలు అందుకునే ప్రోగ్రాంను అక్షరానికి ఏడు బిట్లకు, అంటే ఏడు సున్నా-ఒకట్లకు పెట్టారు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు చాలు. తెలుగుకు ఎనిమిదోది కావాలి. అది దారిలో ఊడిపోయింది.

మరి దొంగ పేర్లని ఎవరన్నారని నిలదీశాను. గోవిందరాజు తలుపు దగ్గరకి వేసి చెప్పాడు.

"ఆఫీసరు నన్నే పిలిచి, నువ్వు తెలుగోడివి గదా, చదువు అన్నాడు. నాకు మాటే వచ్చు తంబీ, అచ్చరం రాదు. కంప్యూటరులో తెలుగును ఇట్లానే రాస్తారేమో, నాకేం తెలుసు? రాదని చెప్పేదానికి సిగ్గయి, ఇవి పేర్లే కాదు సార్ అనేస్తి."

తిట్టాలనిపించింది, తిట్టాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఎనిమిది బిట్లు పెట్టి, తప్పులు సరిచూసే పారిటీ బిట్టు తీసేశాం. యానాంకు ట్రంక్ కాల్ చేసి అక్కడా అదే పెట్టించేసరికి మూడయింది. ఈసారి తెర మీద తెలుగు వచ్చింది. సరిగా ఉందో లేదో నన్నే చదవమన్నాడు. ఇరవై ఆరు పేర్లూ పైకి చదివాను. సత్తెమ్మ దగ్గర నన్ను ఆపి, "మా అత్త పేరు గూడా అదే," అన్నాడు.

ఆ జాబితా అచ్చు తీసి తీసుకెళ్తే ఆఫీసరు, ఫైలు మూసేశాం, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

తిరుగు బస్సంతా ఒకటే ఆలోచన. గోవిందరాజు సిగ్గు నాకు అర్థమైంది. తను చదవలేని కాగితం చూసి దొంగ పేర్లని సంతకం పెట్టిన ఆఫీసరుకు ఆ సిగ్గు కూడా లేదు. ఇలా జాబితాలు పంపేవాళ్లు ముందు ఒక్క పేరే పంపండి, దాన్ని చదవగలిగిన మనిషి చేత ఫోనులో చదివించుకోండి.

ఆఫీసుకు ఒకటే చెబుతున్నా. ఫైలు తెరవండి. ‘దొంగ’ అన్న మాట కొట్టేయండి. వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబు రావాలి. నాకు కాదు, సత్తెమ్మ పేరు మీద, తెలుగులో.